ముందే ఉన్న జబ్బు – తర్వాత తీసుకున్న పాలసీ

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య బీమా గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యదర్శి గారు ఆదేశించారు. నేను డాక్టరును కాను. బీమా కంపెనీ మనిషిని అసలే కాను. ముప్పై రెండేళ్ళు బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని ఇతరులు నింపిన ఫారాలు సరిచూసి రిటైరైనవాణ్ణి. మన సంఘం వైద్య సహాయ ఉపసంఘంలో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. ఆసుపత్రి బిల్లు చేత పట్టుకుని మన ఆఫీసు మెట్లు ఎక్కేవారిలో కొందరి చేతిలో ఆ బిల్లుతో పాటు ఒక బీమా పాలసీ కూడా ఉంటుంది. పాలసీ ఉండి కూడా సహాయం కోసం మన దగ్గరకు ఎందుకు వచ్చారు? నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబే. వెనక బిర్యానీ దేగ్చా మూత తీసిన వాసన వస్తున్నది. త్వరగానే ముగిస్తాను.

బీమా మనకు సమ్మతమా కాదా అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. దానికి జవాబు చెప్పే అర్హత నాకు లేదు, మౌల్వీ సాహెబులను అడగండి. తీసుకోదలచిన వారు ఎలా తీసుకోవాలో మాత్రమే నేను చెప్పగలను.

మొదట మా ఇంటి సంగతే చెప్పుకుంటాను. మా ఆపాకు షుగరు. 2018లో ఆమెకు 54 ఏళ్ళు. అప్పటికే ఆరేళ్ళుగా మాత్రలు వేసుకుంటున్నది. 3 లక్షల పాలసీ ఒకటి తీసుకుందామని నేనే బలవంతపెట్టాను. ఏజెంటు మనకు తెలిసిన కుర్రవాడే. ఫారం నింపుతుంటే, "షుగరు ఉందని రాయకండి చాచా, రాస్తే ఫైలు వెనక్కి వస్తుంది, రెండేళ్ళు గడిస్తే ఎవరూ అడగరు" అన్నాడు. ఆపా కూడా, "వద్దు తమ్ముడూ, చిన్నదాని సంబంధం మాట్లాడుతున్నాం, నా షుగరు సంగతి నలుగురికీ ఎందుకు" అన్నది. ముప్పై రెండేళ్ళు ఇతరుల ఫారాల్లో తప్పులు పట్టినవాణ్ణి, ఆ కాలమ్ దగ్గర 'లేదు' అని రాశాను. ఆ వయసుకు ఆ పాలసీలో వైద్య పరీక్షలు కూడా అడగలేదు. పాలసీ వచ్చింది. మూడేళ్ళు వరుసగా ప్రీమియం కట్టాం.

2021లో ఆపాకు గుండెలో నొప్పి వచ్చింది. పాలసీ ఉన్నది కదా అన్న ధైర్యంతో విజయవాడలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. స్టెంటు వేశారు. చేర్చిన రాత్రి డ్యూటీ డాక్టరు అడిగితే మేనల్లుడు ఉన్నదున్నట్టు చెప్పాడు: అమ్మకు తొమ్మిదేళ్ళుగా షుగరు. అది కేసు షీటులో మొదటి పంక్తిలోనే పడింది. ఆ కేసు షీటు నకలు కంపెనీకి వెళ్ళింది. క్లెయిము తోసిపుచ్చారు, పాలసీ కూడా రద్దు చేశారు. బిల్లు 3 లక్షల 80 వేలు. ఆపా గాజులు, చిన్నదాని పెళ్ళికని దాచిన డబ్బు, రెండూ పోయాయి.

అంతకన్నా నన్ను కోసిన సంగతి మరొకటి ఉన్నది. ఆపా ఇంట్లో రేషన్ కార్డు ఉన్నది. ఆరోగ్యశ్రీ జాబితాలో ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఉంటే ఆ స్టెంటు ఖర్చు లేకుండా పడేది. పాలసీ ఉన్నదనే ఆ దారి తొక్కలేదు. తప్పు కంపెనీది అని చాలా రోజులు తిట్టుకున్నాను. కాని ఫారం నకలు తెప్పించి చూస్తే అందులో ఆ 'లేదు' నా దస్తూరీలోనే ఉన్నది. ఏ కోర్టుకు వెళ్ళి ఏం చెప్పుకుంటాను?

కోర్టులు ఏమన్నాయో తర్వాత తెలుసుకున్నాను. 2009లో సుప్రీంకోర్టుకు ఒక కేసు వచ్చింది. షుగరు వల్ల మూత్రపిండాలు చెడి డయాలిసిస్ జరిగిన మనిషి, తాను ఆరోగ్యంగా ఉన్నానని రాసి మెడిక్లెయిం తీసుకున్నాడు. ఆయన పోయిన తర్వాత భార్య క్లెయిము అడిగితే కంపెనీ ఇవ్వనన్నది. జబ్బు దాచడం ముఖ్యమైన విషయాన్ని దాచడమేనని, కంపెనీ చేసింది న్యాయమేనని కోర్టు తీర్పు చెప్పింది. 2021 డిసెంబరులో మరొక తీర్పు వచ్చింది. ఒకాయన తనకు షుగరు ఉన్నదని ఫారంలో చెప్పుకుని, విదేశీ ప్రయాణపు పాలసీ తీసుకుని అమెరికా వెళ్ళాడు. అక్కడ దిగగానే గుండె జబ్బు వచ్చింది. కొలెస్ట్రాల్ మాత్రల సంగతి చెప్పలేదని కంపెనీ క్లెయిము కొట్టేసింది. షుగరు ఉన్నదని తెలిసి, డాక్టరు పరీక్ష చేసి, అన్నీ చూసుకునే కదా పాలసీ ఇచ్చారు, ఇప్పుడు మాట మారిస్తే ఎట్లా అని కోర్టు కంపెనీ చేతనే డబ్బు కట్టించింది. ఇద్దరికీ షుగరే. ఒకాయన రాశాడు, ఒకాయన రాయలేదు.

అందుచేత మీ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఉన్నా ఫారంలో రాయించండి. షుగరు, బీపీ, థైరాయిడు, ఉబ్బసం, మూర్ఛ, పాత ఆపరేషను, రోజూ వేసుకునే మాత్ర పేరు, అన్నీ. మన ఇళ్ళల్లో జబ్బు దాచడం ఒక అలవాటు. సంబంధాలు చెడతాయని ఆడపిల్ల థైరాయిడు దాస్తాం, కోడలికి తెలియకూడదని అత్తగారు బీపీ మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకుంటుంది. నవ్వకండి, నేను కళ్ళారా చూసి చెబుతున్నాను. ఇంటి మగవాడు ఫారం నింపేటప్పుడు ఆడవాళ్ళ జబ్బులు అతనికే తెలియవు. కాబట్టి ఫారం నింపే రోజున అందరినీ కూర్చోబెట్టి, మాత్రల డబ్బా ముందు పెట్టుకుని అడగండి.

ఇకపోతే 'ముందే ఉన్న జబ్బు' అంటే చట్టం దృష్టిలో ఏమిటి? పాలసీ మొదలైన తేదీకి ముందు 36 నెలలలోపు డాక్టరు నిర్ధారించినది గాని, చికిత్స చేసినది, చేయించుకోమని చెప్పినది గాని ముందే ఉన్న జబ్బు. ఇది బీమా నియంత్రణ సంస్థ పెట్టిన లెక్క. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది. అయితే ఫారంలో 'ఎప్పుడైనా ఈ జబ్బు వచ్చిందా' అని అడిగి ఉంటే, 36 నెలలు దాటినా సరే, అడిగిన దానికి అడిగినట్టే జవాబు రాయాలి.

మన దేశంలో మెడిక్లెయిం 1986లో ప్రభుత్వ రంగ కంపెనీలు మొదలుపెట్టాయి. ఆ రోజుల్లో ముందే ఉన్న జబ్బులను పూర్తిగా పక్కన పెట్టేవారు. ఇప్పుడు అట్లా కాదు, కొంతకాలం ఆగితే ఇస్తారు. ఆ ఆగవలసిన కాలాన్నే వెయిటింగ్ పీరియడ్ అంటున్నారు. 2024 వరకు అది 48 నెలల దాకా ఉండేది. 2024 ఏప్రిల్ నుంచి 36 నెలలకు మించి పెట్టకూడదని నిబంధన వచ్చింది. కొన్ని పాలసీల్లో ఇంకా తక్కువ ఉంటుంది, కొన్నింటిలో అదనపు ప్రీమియం కడితే తగ్గిస్తారు. షుగరు వాళ్ళకు, గుండె జబ్బు వాళ్ళకు ప్రత్యేకంగా చేసిన పాలసీలు కూడా ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. పెద్దవాళ్ళకు పాలసీ చూసేటప్పుడు ప్రీమియం ఎంత అని అడిగే ముందు, ఈ జబ్బుకు ఎన్ని నెలలు ఆగాలి అని అడగండి. ఏజెంటు నోటితో చెప్పినది కాదు, కాగితం మీద చూపించమనండి. ఈ జబ్బుకు ఎప్పటికీ ఇవ్వం అన్న షరతు ఎక్కడైనా ఉన్నదేమో కూడా చూడండి.

ఆ 36 నెలలు పాలసీ వృథా అనుకోకండి. షుగరు ఉన్న మనిషికి డెంగ్యూ వస్తే, మొదటి 30 రోజులు దాటి ఉంటే చాలు, ఇవ్వవలసినదే. ప్రమాదంలో కాలు విరిగితే ఆ 30 రోజులు కూడా ఆగనక్కరలేదు. షుగరు వల్లనే మూత్రపిండాలు దెబ్బతింటే మాత్రం అది షుగరు లెక్కలోకే పోతుంది. ఇవిగాక కంటి శుక్లం, హెర్నియా, మోకాలి చిప్ప మార్పిడి వంటి వాటికి వేరే గడువు ఉంటుంది, సాధారణంగా రెండేళ్ళు. మోకాలు ముందే అరిగి ఉందని తెలిస్తే రెండు గడువుల్లో ఏది పెద్దదో అదే వర్తిస్తుంది.

వరుసగా 60 నెలలు పాలసీ నడిచిన తర్వాత, నువ్వు అది దాచావు, ఇది చెప్పలేదు అని కంపెనీ అనడానికి వీలులేదు. ఇది కూడా 2024 నిబంధనే, అంతకు ముందు 8 ఏళ్ళు ఉండేది. ఈ మాట వినగానే మన వాళ్ళలో కొందరి కళ్ళు మెరుస్తాయి: అయితే ఐదేళ్ళు దాచితే సరిపోతుంది కదా అని. సరిపోదు. మోసం అని రుజువైతే ఆ రక్షణ లేదు. పైగా జబ్బు మీ కోసం ఐదేళ్ళు ఆగుతుందని ఎవరు చెప్పారు?

ఈ గడువులన్నీ మొదటి పాలసీ తేదీ నుంచి లెక్క. మధ్యలో తెగితే మళ్ళీ మొదటికి వస్తుంది. గల్ఫ్ నుంచి డబ్బు రావడం ఆలస్యమైందని రెన్యూవల్ వదిలేసిన కుటుంబాలు మన దగ్గర రెండు మూడు ఉన్నాయి. సంవత్సరానికి ఒకసారి కట్టే పాలసీకి గడువు తర్వాత 30 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఆ రోజుల్లో కడితే గడువుల లెక్క తెగదు గాని, కట్టక ముందు ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు రాదు. పాలసీ నచ్చకపోతే మానేయకండి, వేరే కంపెనీకి మార్చుకోండి. రెన్యూవల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెడితే, ఆగిన నెలలు ఆగినట్టే మీ ఖాతాలో వెంట వస్తాయి. కొత్త కంపెనీ ఒప్పుకున్నట్టు కాగితం చేతికి వచ్చేవరకు పాతది వదలకండి.

పాలసీ కొనే ముందు ఇంట్లో ఇప్పటికే ఏమున్నదో చూసుకోండి. నా తప్పు మీరు చేయకండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతోను, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరుతోను నడుస్తున్నది. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితి 10 లక్షలకు పెంచారు, ఆంధ్రలో 25 లక్షలకు పెంచారు. వీటికి ముందే ఉన్న జబ్బు అన్న పేచీ లేదు. ఇంట్లో 70 ఏళ్ళు దాటిన అబ్బా గాని నానీ గాని ఉంటే, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఆయుష్మాన్ కార్డు ఇచ్చే ఏర్పాటు కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. ఆధార్‌తో నమోదు చేయించాలి. అక్కడ కూడా గడువు లేదు. అయితే ప్రతి ఆసుపత్రీ ఈ జాబితాల్లో ఉండదు. మీ ఊరికి దగ్గరలో ఏ ఆసుపత్రి ఉన్నదో కార్డు వచ్చిన రోజే కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకోండి, అర్ధరాత్రి అంబులెన్సులో కూర్చుని కాదు.

నెలకు 21 వేలలోపు జీతంతో ఇ.ఎస్.ఐ. కిందకు వచ్చే చోట పనిచేసే పిల్లలు ఉంటే, వారి మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ అక్కడ వైద్యం ఉంటుంది. కంపెనీ ఉద్యోగం చేసే కొడుకు ఉంటే అతని ఆఫీసు గ్రూపు పాలసీలో తల్లిదండ్రులను చేర్చుకోనిస్తారేమో అడిగించండి. చాలా గ్రూపు పాలసీల్లో ముందే ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే ఇస్తారు. ఉద్యోగం మానేసిన రోజు అది పోతుంది. మానే ముందే అదే కంపెనీలో సొంత పాలసీకి మార్చుకునే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇవేవీ అందనివారు, అందినా చాలనివారు కొనుక్కోవాలి. తల్లిదండ్రులను, పిల్లలను ఒకే ఫ్లోటరులో కలపకండి. ఫ్లోటరుకు ప్రీమియం అందరిలోకి పెద్దవారి వయసును బట్టి కడతారు. పైగా అబ్బా ఒక్కరికే బైపాస్ జరిగితే ఆ ఏడాది పిల్లలకు మిగిలేది ఏమీ ఉండదు. పెద్దవారికి వేరు, మనకు వేరు ఉండాలి.

గది అద్దె షరతు చాలామంది చూడరు. 3 లక్షల పాలసీ, గదికి రోజుకు 1 శాతం, అంటే 3 వేలు అనుకోండి. మీరు 6 వేల గదిలో చేరారు. నష్టం రోజుకు 3 వేలే కదా అనుకుంటాం. కాదు. సర్జను ఫీజు, నర్సింగు, ఆపరేషను థియేటరు, ఇవన్నీ కూడా అదే దామాషాలో సగం కోసేస్తారు. వాటి బిల్లు లక్షా 20 వేలైతే చేతికి వచ్చేది 60 వేలు. మందులు, స్టెంటు వంటివి, పరీక్షల ఖర్చులు ఆ కోతలోకి రావు, అంతవరకు నయం. గది అద్దె పరిమితి లేని పాలసీ దొరికితే కాస్త ఎక్కువైనా అదే మేలని నా అభిప్రాయం. దొరకకపోతే, చేరేటప్పుడు మొహమాటపడకుండా మీ పరిమితికి సరిపోయే గదే అడగండి. చూడటానికి వచ్చే బంధువులు ఏమనుకుంటారోనని ఏసీ గది తీసుకున్నవారిని నేను ఎరుగుదును.

పెద్దవారి పాలసీల్లో కో-పేమెంటు కూడా ఉంటుంది. 20 శాతం అని ఉంటే 2 లక్షల బిల్లులో 40 వేలు మీరే కట్టాలి. ప్రీమియం తక్కువగా కనిపించే పాలసీల్లో కిటుకు ఇక్కడే ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీలో ఇది 5 శాతం. ఏ కంపెనీలో తీసుకున్నా షరతులు ఒకటే కాబట్టి, మిగతావాటిని దానితో పోల్చి చూసుకోవడం సులువు. ప్రీమియం ఏటా ఎంత పెంచుతారో అన్న భయం పెద్దవారికి ఉంటుంది. 60 దాటినవారికి ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే ముందు నియంత్రణ సంస్థతో సంప్రదించాలని 2025 జనవరిలో ఉత్తర్వు వచ్చింది. సొంత పాలసీల మీద ఉన్న 18 శాతం జి.ఎస్.టి. కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు.

పాలసీ చేతికి వచ్చాక పెట్టెలో పెట్టేయకండి. లోపల మీ ఫారం నకలు ఉంటుంది, మీరు చెప్పిన జబ్బులు అందులో ఎక్కాయో లేదో చూడండి. ఏజెంటు ఫోనులోనే నింపి పంపిన ఫారాల్లో మీరు ఉన్నదని చెప్పినవి 'లేదు' అని ఉండటం మాకు ఎదురైంది. తప్పు ఉంటే వెంటనే రాతపూర్వకంగా సరిచేయమనండి. నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు.

ఆసుపత్రిలో కూడా ఒక జాగ్రత్త అవసరం. ఎన్నాళ్ళ నుంచి షుగరు అని డాక్టరు అడిగితే మనవాళ్ళు ఆదుర్దాలో "చాలా ఏళ్ళుగా, ఒక పదేళ్ళు ఉంటుంది" అంటారు. నిజానికి నాలుగేళ్ళే అయి ఉంటుంది, పాలసీ తీసుకుని ఐదేళ్ళు. ఆ పదేళ్ళ మాట కేసు షీటులోకి ఎక్కితే దాన్ని దింపడం బ్రహ్మప్రళయం. అబద్ధం చెప్పమనడం లేదు, మొదటి రక్తపరీక్ష కాగితం దాచి ఉంచి, ఆ తేదీ చూసి చెప్పమంటున్నాను. ఈ రెండేళ్ళలో ఇలాంటి రెండు క్లెయిములు మన ఉపసంఘం పట్టుబట్టి ఇప్పించింది, ఆ పాత కాగితాలు ఉండబట్టే.

నిజం రాసినా కంపెనీ ఇవ్వనంటే ఊరుకోకండి. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల వరకు ఆయన తీర్పు చెప్పగలరు. నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయడానికి 155255 అనే ఉచిత ఫోను నంబరు ఉన్నది.

ఆపా సంగతి మిగిలిపోయింది. 2022లో మళ్ళీ ప్రయత్నించాం. షుగరు రాశాను, స్టెంటు రాశాను, పాత కంపెనీ పాలసీ రద్దు చేసిందని అడిగిన చోట అదీ రాశాను. రెండు కంపెనీలు కాదన్నాయి. మూడోది ప్రీమియం పెంచి, గడువు పెట్టి ఇచ్చింది. కట్టేటప్పుడు ఆపా, "ముందే ఇట్లా రాసి ఉంటే ఈపాటికి గడువు అయిపోయి ఉండేది కదా తమ్ముడూ" అన్నది. ఆమె ఈ రోజు పరదా అవతల మూడో వరుసలో ఉన్నది. ఇదంతా చెప్పమన్నది ఆమే.

ప్రతి ఆదివారం అసర్ నమాజు తర్వాత సంఘం ఆఫీసులో ఉంటాను. ఫారం నింపించుకోదలచినవారు ఆధార్, రేషన్ కార్డు, పాత పాలసీ ఉంటే అది, ఇంట్లో అందరి మందుల చీటీలు, ఖాళీ మాత్రల షీట్లయినా సరే, ఒక సంచిలో వేసుకుని రండి. టీ సంఘం ఖర్చే. 'లేదు' అని రాయమని మాత్రం నన్ను అడగవద్దు. సెలవు. ఖుదా హాఫిజ్.